చావు భయం వదలడం లేదా? ఏ పని ముందు, ఏ పని తర్వాత

హన్మకొండ, కాజీపేట, ఇటు కరీంనగర్ దాకా ఈమధ్య నన్ను అడిగేవాళ్లంతా దాదాపు ఒకటే అడుగుతున్నారు. "పడుకోగానే గుండె దడదడ కొట్టుకుంటుంది, పోతానేమో అనిపిస్తుంది, ఏం చేయాలి?" అడిగేవాళ్లలో ముసలివాళ్లు తక్కువ. ముప్పై, నలభై మధ్యవాళ్లే ఎక్కువ. చిన్న పిల్లలు, ఇంటి లోను, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక రిపోర్టు.

ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాదు కాబట్టి మందుల మోతాదులు ఇందులో ఉండవు. వరుస మాత్రం మార్చకండి. చాలామంది నేరుగా ఐదో అంకెలో ఉన్న పనితో మొదలుపెడతారు, అంటే ధైర్యం ఉందో లేదో చూద్దామని ఒకేసారి శ్మశానం దాకా పోయి, రెండింతల భయంతో తిరిగొస్తారు.

భయం సున్నా కావాలని పెట్టుకోకండి, అది ఎవరికీ కాదు. రాత్రి నిద్ర పట్టాలి, పొద్దున పనికి పోగలగాలి, పక్కింట్లో ఎవరైనా పోతే వెళ్లి పలకరించి రాగలగాలి. ఇవి జరుగుతుంటే చాలు.

1. మీది ఏ భయమో తేల్చుకోండి

చావు భయం అని అందరూ ఒకే పేరు పెడతారు గానీ లోపల ఉండేవి వేర్వేరు. నోటుబుక్కు తీసి వీటిలో మీవి ఏవో టిక్కు పెట్టండి.

☐ ఇప్పుడే, ఈ నిమిషంలోనే పోతాను (దడ, ఆయాసం, చేతుల్లో తిమ్మిరి)
☐ నాకేదో పెద్ద రోగం ఉంది, డాక్టర్లకు దొరకడం లేదు
☐ నేను పోతే పిల్లలు, అమ్మానాన్న ఏమైపోతారు
☐ పోయాక ఏమవుతుంది, అసలు నేననేదే ఉండదా
☐ నాకు కాదు, మా ఆయనకో అమ్మకో ఏమైనా అవుతుందేమో
☐ చావుకు కాదు, మంచాన పడి ఒకరి చేతుల మీద బతకాల్సి వస్తుందేమోనని

మొదటి రెండూ ఉన్నవాళ్లు 2, 3, 4 మీద ఎక్కువ టైం పెట్టండి. మూడోది, ఆరోది ఉన్నవాళ్లకు 6లో సగం పని ఉంది. నాలుగోదానికి 7 చూడండి. ఐదోది పైకి వేరుగా కనిపిస్తుంది గానీ దానికీ మందు 4లోనే ఉంది. ఆయన ఆఫీసు నుంచి రావడం పావుగంట ఆలస్యమైతే వరసగా ఫోన్లు కొట్టడం ఆపడం దగ్గర మొదలుపెట్టాలి.

ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఇదంతా కొన్నాళ్లు ఉండటం సహజం. ఆ బాధను బాధలాగే ఉండనివ్వండి, దాని మీద ఈ పద్ధతులన్నీ వెంటనే రుద్దకండి.

ఒకటి మాత్రం పూర్తిగా వేరే సంగతి. చావంటే భయం వేరు, చచ్చిపోవాలనిపించడం వేరు. రెండోది ఉంటే ఇది చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్క గదిలో ఉన్నవాళ్లనూ లేపండి.

2. ఒళ్లు ఒక్కసారి, సరిగ్గా చూపించుకోండి

దడ అంతా భయం వల్లే అని మీకు మీరే తీర్పు ఇచ్చేసుకోవద్దు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా దడ వస్తుంది. రోజంతా చాయ్ మీద చాయ్ తాగేవాళ్లకు కూడా వస్తుంది.

ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. పెద్ద పెద్ద చెకప్ ప్యాకేజీలు నాకైతే నచ్చవు. చాలా టెస్టుల్లో 'నార్మల్' గీతలు ఎలా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో ఐదుగురి అంకె ఆ గీత బయట పడుతుంది. అరవై టెస్టులు చేయిస్తే ఏదో ఒకటి గీత దాటి వస్తుంది, ఇక మూడు నెలలు దాని మీద నిద్ర ఉండదు. డాక్టర్ చూసి రాసిన టెస్టులే చేయించుకోండి. మామూలుగా బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ ఉంటాయి, అవసరమైతే ఎకో (గుండె స్కాన్) రాస్తారు.

వెళ్లేటప్పుడు ఇవి రాసుకుని వెళ్లండి:

☐ దడ మెట్లెక్కుతుంటే వస్తుందా, ఊరికే కూర్చున్నప్పుడు వస్తుందా
☐ ఎంతసేపు ఉంటుంది, ఎలా పోతుంది
☐ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్లు ఉన్నారా
☐ వాడే మందులు, చాయ్, సిగరెట్, గుట్కా, మద్యం (దాచొద్దు)
☐ చివర్లో ఒక ప్రశ్న: "మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?"

ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆయన ఏడాది అంటే ఏడాది, ఆరు నెలలు అంటే ఆరు నెలలు. ఆ తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. కొత్త లక్షణం ఏదీ రాకుండా ఆ తేదీకి ముందు ఏ టెస్టూ లేదు.

108కు వెంటనే ఫోన్ చేయాల్సినవి: ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి తగ్గకపోవడం, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి లేవకపోవడం. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి పెద్దగా లేకుండా కూడా గుండెపోటు రావచ్చు. జీవితంలో మొదటిసారి ఇలాంటిది వస్తే ఇంట్లో కూర్చుని ఇది భయమా గుండెనా అని తేల్చే పని పెట్టుకోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

3. దడ వచ్చిన ఆ అరగంట ఎలా గడపాలి

డాక్టర్ చూసి గుండెకు ఏమీ లేదన్నాకే ఈ భాగం. పానిక్ అటాక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే భయం) మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి అక్కడి నుంచి దిగుతుంది, చాలామందికి అరగంటలోపు పోతుంది. భయంలో ఊపిరి వేగంగా తీస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దానివల్ల వేళ్లకు, పెదవులకు తిమ్మిరి ఎక్కుతుంది, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరిని చూసి ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా వేగం అవుతుంది.

వరుస ఇది:

☐ కూర్చోండి. పాదాలు నేలకు ఆనించండి. బయటికి పరుగెత్తొద్దు.
☐ గోడ గడియారం ఒక్కసారి చూసి టైం గుర్తుపెట్టుకోండి.
☐ ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ తీసి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పెద్దగా లాగొద్దు, మామూలు ఊపిరే, కాస్త నెమ్మదిగా.
☐ పైకి వినపడేలా అనండి: "ఇది భయం. పోయినసారి కూడా ఇట్లనే వచ్చింది, పోయింది."
☐ పది నిమిషాలు దాటాక చేతులకు పని ఇవ్వండి. బట్టలు మడతపెట్టడమో, చిక్కుడుకాయలు ఒలవడమో.

ఎక్కువమంది చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. "గట్టిగా ఊపిరి పీల్చు" అని పక్కవాళ్లు అంటారు, దాంతో తిమ్మిరి పెరుగుతుంది. మూతికి కవర్ పెట్టుకుని ఊదడం సినిమాల్లో చూసి చేస్తారు, ఎవరికైనా నిజంగా ఊపిరితిత్తుల ఇబ్బందో గుండె ఇబ్బందో ఉంటే అది ప్రమాదం. ఇంకా కొందరు నాన్నగారి సార్బిట్రేట్ (గుండెనొప్పికి వాడే మాత్ర) ఒకటి పర్సులో పెట్టుకుని, దడ రాగానే నాలుక కింద వేసుకుంటారు. అది బీపీని దించుతుంది, తలనొప్పి, దడ తెస్తుంది, అంటే ఏ దడకు భయపడి వేసుకున్నారో అదే ఇంకోసారి వస్తుంది.

4. చూసుకోవడం ఆపండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఫలితం వచ్చేదీ ఇక్కడే.

హన్మకొండలో నాకు తెలిసిన ఒకాయన కరోనా అప్పుడు కొన్న, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్‌ను ఇప్పటికీ షర్టు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. సిగ్నల్ పడితే చాలు, హ్యాండిల్ మీది నుంచి చేయి తీసి వేలికి తగిలించుకుంటాడు. 98. గ్రీన్ పడేలోపు 97 అయితే బండి పాన్‌డబ్బా పక్కకు తీసి, వేలు ప్యాంటుకు తుడిచి మళ్లీ పెడతాడు. ఆ మెషీన్లు రెండు అంకెలు అటూ ఇటూ చూపించడం మామూలే. ఆయనకూ ఆ సంగతి తెలుసు. తెలిసినా మళ్లీ 98 వచ్చేదాకా బండి కదలదు.

దురద పుట్టినచోట గోకినట్టే ఇది. గోకిన ఆ నిమిషం హాయిగా ఉంటుంది, కాసేపటికి మంట రెట్టింపవుతుంది. చూసుకున్న ప్రతిసారీ మనసుకు ఒక మాట అందుతుంది, చూసుకున్నాను కాబట్టి బతికాను అని. మరుసటిసారి చూసుకోకుండా ఉండటం ఇంకా కష్టమవుతుంది.

మీరు గోకేవి ఇందులో ఏవి?

☐ నాడి పట్టుకు చూసుకోవడం, వాచీలో హార్ట్‌రేటు చూడటం
☐ గూగుల్లో, యూట్యూబ్‌లో లక్షణాలు వెతకడం
☐ "నాకేం కాదు కదా?" అని ఇంట్లోవాళ్లను అడగడం
☐ ఒక ల్యాబ్‌లో బాగున్న రిపోర్టును ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించడం
☐ ఆయుష్షు ఎంతుందో చెప్పమని జాతకం పట్టుకుని తిరగడం
☐ ఆసుపత్రి దగ్గర్లో లేని ఊరికి పెళ్లికి కూడా వెళ్లకపోవడం

పూజ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మృత్యుంజయ మంత్రం చదువుకుంటే తప్పేముంది, చదువుకోండి. కానీ 108 సార్ల జపంలో లెక్క తప్పిందని, మళ్లీ మొదటి నుంచి చదవకపోతే ఏదో అవుతుందని కూర్చుంటే అక్కడ భక్తి అయిపోయి టెన్షన్ మొదలైనట్టు. ధర్మపురి కూడా అంతే. నరసింహస్వామి గుడి ప్రాంగణంలోనే యమధర్మరాజుకు గుడి ఉంది, ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని పెద్దల మాట. ఇంటిల్లిపాదీ గోదావరి స్నానానికి పోయి దర్శనం చేసుకు రండి. దడ వచ్చిన ప్రతిసారీ కారు తీస్తే మాత్రం అది పై చిట్టాలోకి వస్తుంది.

తగ్గించే పద్ధతి: మొదటి వారం ఏమీ మార్చకుండా రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటున్నారో గీతలు పెట్టండి. రెండో వారం చూడాలనిపించినప్పుడు పావుగంట ఆగి అప్పుడు చూడండి, ఆగాక అవసరం అనిపించకపోతే వదిలేయండి. మూడో వారం గీతల్ని సగం చేయండి. వాచీలో హార్ట్‌రేటు నోటిఫికేషన్ మొదటిరోజే ఆపేయొచ్చు, ఆక్సీమీటర్ బీరువాలో పెట్టి తాళం ఇంకొకరికి ఇవ్వొచ్చు. మొదట్లో భయం పెరుగుతుంది. పెరగాలి కూడా, పద్ధతి పనిచేయట్లేదనుకుని అక్కడే ఆపేసేవాళ్లు చాలామంది.

రీల్స్ సంగతి. జిమ్‌లో, పెళ్లి డ్యాన్సులో కుప్పకూలిన సీసీ కెమెరా వీడియో ఒక్కటి చివరిదాకా చూస్తే ఫోన్ అలాంటివి ఇంకా తెస్తుంది. 'ఆసక్తి లేదు' నొక్కండి, వాట్సాప్ గ్రూపులో వచ్చినవి తెరవకుండా తీసేయండి, రాత్రి ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి.

5. తప్పించుకుంటున్న చోట్లకు మెట్టు మెట్టుగా

చావు కబురు వింటే ఆ దారి తప్పించి తిరిగేవాళ్లు, పేపర్లో ఆ పేజీ తిప్పేసేవాళ్లు ఈ మెట్లు రాసుకోవాలి. పక్కన పదికి ఎంత భయమో వేసుకోండి. హన్మకొండలో ఉండే ఒకరి మెట్లు ఇలా ఉండొచ్చు:

☐ పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన, జననం, మరణం తేదీలతో సహా చదవడం: 2
☐ చౌరస్తాలో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ముందు బండి ఆపి ఫోటో చూడటం: 3
☐ చావు డప్పు వినిపిస్తే తలుపు వేయకుండా వాకిట్లోనే నిలబడటం: 4
☐ దినాల రోజు వెళ్లి భోజనం చేసి రావడం: 5
☐ శవం ఉండగానే ఆ ఇంటికి వెళ్లి, దండ వేసి, అరగంట కూర్చోవడం: 7
☐ పాడె వెంట దింపుడు కళ్లం దాకా నడవడం: 8
☐ వైకుంఠధామం దాకా వెళ్లి చితి అంటుకునే వరకు ఉండటం: 9

ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదనే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ చివరి మెట్టుగా 'నేను పోయిన రోజు' అని ఒక పేజీ రాయండి. ఎవరికి ముందు తెలుస్తుంది, వాకిట్లో ఎవరు కూర్చుంటారు, సాయంత్రం పిల్లలకు అన్నం ఎవరు పెడతారు, అంత వివరంగా. రోజూ ఒకసారి చదవండి, చదివితే విసుగు పుట్టేదాకా.

నియమాలు మూడు. భయం సగానికి దిగేదాకా అక్కడి నుంచి కదలొద్దు. ఒకే మెట్టు మళ్లీ మళ్లీ చేసి, 2 కిందికి వచ్చాకే పైదానికి వెళ్లండి. జేబులో 'ఎందుకైనా మంచిది' అని మాత్ర పెట్టుకుని వెళ్లొద్దు, ఆ ధైర్యం మాత్రది అవుతుంది. ఇంటికి వచ్చి స్నానం చేయడం మన ఆచారం, చేయండి. రెండోసారి, మూడోసారి చేయడం ఆచారంలో లేదు.

చావు మాట ఎత్తడానికి మనకు పెత్తరమాస ఉండనే ఉంది. పొద్దున పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తాం, సాయంత్రం అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. ఆ పొద్దున ఊరికే సంచి ఇచ్చేసి రాకుండా, ఆ తాత ఎలా పోయాడు, చివరి రోజుల్లో ఏమన్నాడు అని అమ్మనో అత్తమ్మనో అడగండి.

6. కాగితాల పని

'నేను పోతే వీళ్లెట్ల?' అనే భయానికి ధ్యానం కంటే ఒక ఫైలు ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. ఒక ఆదివారం కూర్చుంటే సగం అయిపోతుంది.

☐ బ్యాంకు, పీఎఫ్, ఎల్ఐసీ నామినీలు చూడండి. పెళ్లికి ముందు రాసిన నాన్న పేరే ఇంకా ఉంటుంది, ఆయన పోయి ఏళ్లయినా సరే.
☐ పట్టా పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు 2018లో మొదలైన రైతుబీమాలో 5 లక్షలు. అందులో నామినీ పేరు, ఆధార్ సరిగ్గా ఉన్నాయో లేదో ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి.
☐ బ్యాంకు ఖాతా మీద జీవనజ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిది ఏ కారణంగా పోయినా 2 లక్షలు, 50 ఏళ్లలోపు చేరాలి. రెండోది ప్రమాదాలకు.
☐ వీలునామా తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, స్టాంపు పేపర్ అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లనే సాక్షులుగా పెట్టొద్దు. ముస్లింలకు నియమాలు వేరు, వకీలును అడగండి.
☐ అప్పులు, ఇచ్చిన చేబదుళ్లు, చిట్టీలు ఒక పేజీలో.
☐ ఈ ఫైలు ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి.

నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బు అంతా ఆ ఒక్కరిదే అయిపోదని కూడా గుర్తుంచుకోండి. చాలా వాటిలో నామినీ తీసుకుని వారసులకు పంచాల్సి ఉంటుంది.

మంచాన పడతామనే భయం ఉన్నవాళ్లు, నయం కాని స్థితిలో వెంటిలేటర్ వద్దనుకుంటే ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీనికి ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ ఆఫీసర్‌తోనో ధ్రువీకరణ చేయించాలి.

ఫైలు ఒకసారి పూర్తయ్యాక నెలనెలా తీసి సరిచూసుకోవడం మొదలైతే, అదీ 4లోకి వచ్చినట్టే.

7. జవాబు లేని ప్రశ్నలకు ఒక టైం

పోయాక ఏమవుతుందనేది రాత్రి ఒంటిగంటకు తేలేది కాదు. సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు కేటాయించండి, పడుకునే టైంకు దూరంగా. ఆ టైంలో కావాలని కూర్చుని ఆలోచించండి, రాయండి. మిగతా రోజంతా ఆ ప్రశ్న వస్తే "ఆరున్నరకు చూద్దాం" అని పుస్తకంలో ఒక ముక్క రాసి పనిలో పడండి. ఆరున్నరకు ఆలోచించడానికి ఏమీ తోచకపోయినా కుర్చీలోంచి లేవొద్దు.

8. ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

భార్యో భర్తో ఈ భయంతో ఉంటే "పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు" అనొద్దు, గంటకోసారి "ఏం కాదు, ఏం కాదు" అని ధైర్యం కూడా చెప్పొద్దు. "భయమేస్తుందా, కూర్చో, పది నిమిషాలు చూద్దాం" చాలు. ఈ మాట ముందే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకోవాలి, లేకపోతే జవాబు చెప్పట్లేదని గొడవవుతుంది.

పిల్లలకు "తాత నిద్రపోయిండు" అని చెప్తే నిద్రంటే భయపడతారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇంకో చిక్కు ఉంది. నాన్న దుబాయి పోయిన ఇంట్లో "తాత ఊరికి పోయిండు" అంటే, ఎప్పుడొస్తాడని ఆ పిల్ల రోజూ అడుగుతుంది, నాన్న ఫోన్ ఎత్తకపోతే ఏడుస్తుంది. చనిపోయాడు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాడు అని చిన్న మాటల్లో చెప్పండి. అడిగినన్నిసార్లు అదే చెప్పండి.

9. మానసిక డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

☐ పై పద్ధతులు ఆరు, ఎనిమిది వారాలు చేసినా మార్పు లేకపోతే
☐ డ్యూటీకి, బడికి, పొలానికి వెళ్లలేకపోతుంటే
☐ నిద్ర కోసం మద్యం తాగడం అలవాటవుతుంటే
☐ ఏ పని మీదా మనసు లేక, ఏడుపు వస్తుంటే

వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు. జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మహబూబాబాద్‌లలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి, అక్కడా అడగండి. మాటల చికిత్స కావాలంటే 'సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స) చేస్తారా' అని నేరుగా అడగండి.

మాత్రలు రాస్తే, ఎక్కువగా వాడేవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ఆపేసి "నాకు పడలేదు" అనకండి, తగ్గిందని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర, అల్ప్రాజోలం లాంటిది, కొన్ని వారాల్లోనే అలవాటుగా మారగలదు.

10. తిరగబెట్టినప్పుడు

తిరగబెడుతుంది. మీతో పదో తరగతి చదివినవాడు పోయాడని గ్రూపులో ఫోటో వస్తుంది, ఆ రాత్రి మళ్లీ అన్నీ మొదలవుతాయి. అప్పుడు మొదటి అంకె నుంచి అంతా మళ్లీ చేయక్కర్లేదు. ఆ రాత్రికి 3, మరుసటి రోజు నుంచి వారం పాటు 4లోని గీతలు. వాడి ఇంటికి వెళ్లి పలకరించి రండి, అది ఎలాగూ మీ మెట్లలో ఉంది. పొద్దున్నే ఈసీజీకి పరుగెత్తాలనిపిస్తే, కొత్త లక్షణమేదీ లేకపోతే, ముందు ఫైలు అట్ట మీద రాసిన తేదీ చూడండి.